రోజుకొక రాయి

జాలమందలి సమస్త లిఖితమును చదివించి యంత్రమునకు లోకజ్ఞానము గరపిన గూగుల్ సంస్థవారు, 2024 మే మాసమున దానిచే జనుల సందేహములు తీర్పింపబూనగా, రాళ్లెన్ని తినవలెనన్న ప్రశ్నకు ఆ సర్వజ్ఞము, దినమునకు కనీస మొక చిన్నరాయి భుజింపవలెనని భూగర్భశాస్త్రజ్ఞులను సాక్షులుగా నిలిపి గంభీరముగా సెలవిచ్చెను.

'ఆనియన్' అను హాస్యపత్రిక నవ్వులకు వ్రాసిన వార్త దానికి శాస్త్రప్రమాణ మయ్యెను!

పిజ్జాపై చీజు జారకుండ జిగురు కలుపుమన్న పాకశాస్త్రమును దానిదే. విషము కాని జిగురే సుమీ, ఆ మాత్రము దయ కలదు.

రాళ్ల ప్రశ్నను అంతకుముందు దాదాపెవ్వరును అడుగలేదని సంస్థవారు సంజాయిషీ చెప్పుకొనిరి.

అమెరికావారు బెదరిరి గాని, చౌకడిపో బియ్యమును ఏరకుండగనే ఎసటిలో పోయు మన గృహస్థులు, యంత్రోపదేశ మక్కరలేకయే, ఈ పథ్యమును రెండుపూటల పాటించుచున్నారు.