రహస్యవిక్రయ ప్రశస్తి

లోకమున ఔదార్యము నశించినదని వగచువారు నేటి క్రీడాభిమానిని ఎఱుగనివారై యుందురు. పూర్వము ఒక ఆటగాడు తన్ను మెచ్చినవానికి స్వహస్తముతో నాలుగు పంక్తులు వ్రాసి పంపినచో, ఆ భాగ్యశాలి ఆ కాగితమును ఇనుపపెట్టె అడుగున దాచి, ఏ పెండ్లిలోనో చుట్టములు కూడినపుడు మాత్రము బయటికి దీసి, ఎవ్వరి చేయియు తగులనీయక చూపి, మరల దాచుకొనెడివాడు. ఎంతటి లోభము! నేటి అభిమాని అట్టి కృపణుడు కాడు. "అన్నా, ఒక్కసారి హాయ్ చెప్పన్నా" యని నెలల తరబడి రాత్రులందు ప్రాధేయపడి, తుదకు "థాంక్స్ బ్రో, ఈ సీజన్ మోకాలు కొంచెం ఇబ్బంది పెడుతోంది" అను ఒక్క ప్రత్యుత్తరము సంపాదించిన ఉత్తరక్షణమున, దానిని స్క్రీన్‌షాటుగా మార్చి లోకకల్యాణార్థము విడిచిపెట్టును. ఆ చిత్రమును మీరు చూచియే యుందురు. పైవరుసలో ఆటగాని పేరు, దాని ప్రక్క బ్లూ టిక్కు, మూలను నాలుగు శాతమునకు దిగిన బ్యాటరీ. తాను పంపిన తొంబది విన్నపములు మాత్రము చక్కగా కత్తిరింపబడి, ఆటగాడే తన్ను వెదకికొని వచ్చి పలుకరించినట్లు కనబడుచుండును. తెల్లవారునప్పటికి ఆ ఒక్క వాక్యము యూట్యూబు థంబ్‌నెయిలుపై ఎఱ్ఱబాణముతోను, నోరు తెఱచిన ముఖముతోను, "మోకాలు పోయిందా? జట్టులో చిచ్చు?" అను ప్రశ్నార్థకములతోను వెలయును. బోడిగుండునకును మోకాలికిని ముడిపెట్టుట మన పెద్దలు సామెతగా మాత్రమే ఎఱుగుదురు. ఆ ముడిని నిజముగా వేసి చూపిన ఘనత మన కాలమునకే దక్కినది.

ఈ మహోపకారులను, వీరి కానుకను కన్నులకద్దుకొని అచ్చువేయు సంపాదకశిఖామణులను ఏమని కొనియాడవలెనో తోచకున్నది. చేయుచున్నది వ్యాపారమని ఎవ్వరైన ననినచో వీరు మిక్కిలి నొచ్చుకొందురు. తెలిసికొనుట ప్రజల హక్కు అనునది వీరి మూలమంత్రము. క్రికెట్ బోర్డు సమాచారహక్కు చట్టమునకు లోబడవలసినదేయని 2018లో కేంద్ర సమాచార కమిషన్ ఉత్తరువు చేయగా, బోర్డు దానిని ఎదిరించి న్యాయస్థానమున కెక్కినది. ఆటకు సంబంధించి ప్రజలు నిజముగా తెలిసికొనవలసిన పద్దులెవ్వియైన నున్నచో అవి ఆ గదులలో నున్నవి. ఆ ద్వారమువద్ద ఈ హక్కువాదుల రద్దీ మనకు కానరాలేదు. వీరందఱు అప్పుడు ఒక బ్యాటరుగారి రాత్రిభోజన సంభాషణకు కాపుగాయుటలో నిమగ్నులై యుండిరి కాబోలు.

2024 మే మాసమున కలకత్తా ఈడెన్ గార్డెన్సులో రోహిత్ శర్మ తన పాతమిత్రుడును, ప్రత్యర్థిజట్టు సహాయశిక్షకుడును అగు అభిషేక్ నాయరుతో మాటలాడుచుండగా, ఆ జట్టువారే ఆ దృశ్యమును ప్రకటించి, పిదప తొలగించిరి. తొలగించులోపల దేశమంతయు దానిని విని, వినబడని మాటలను తన ఊహతో పూరించుకొని, ఆయన మఱుసటి యేడు ఏ జట్టున నుండునో కూడ నిర్ణయించివైచినది. కొలది దినములకు ముంబయి వాంఖడే మైదానమున సాధనవేళ మిత్రులతో నిలుచున్న ఆయన, కెమెరా తనవైపు తిరుగుట చూచి, శబ్దము ఆపుమనియు, ఒక శబ్దమే ఇదివరకు తన కొంప ముంచినదనియు చేతులు జోడించి వేడుకొనెను. ఆ వేడుకోలు సైతము లోకము కన్నులబడెను. వలదన్నను తన మాటలను గ్రహించి ప్రసారము చేసిరని ఆయన బహిరంగముగా ఆక్షేపింపగా, స్టార్ స్పోర్ట్స్ వారు ఆ సంభాషణ శబ్దమును తాము గ్రహింపలేదనియు, ప్రసారము చేయలేదనియు, శబ్దము గ్రహింపవలదని ఆటగాడు కోరుచున్న దృశ్యమును మాత్రమే చూపితిమనియు వివరణ మిచ్చిరి. ఈ వివరణమును నేను పలుమాఱులు చదివి ఆనందించితిని. వలదనుటయే వార్తయైనపుడు ఇక ఆటగానికి మిగిలిన మార్గము మౌనము. ఆ మౌనముమీదను ఒక అరగంట చర్చ నడపగల సమర్థులు మనకు లేకపోలేదు.

మాట లేకున్నను వీరికి కొఱత లేదు. 2022 అక్టోబరులో ప్రపంచకప్పు పోటీలకై ఆస్ట్రేలియా వెళ్ళిన విరాట్ కోహ్లీ పెర్తు నగరమున బసచేసిన హోటలు గదిలో, ఆయన లేని సమయమున కొందఱు ప్రవేశించి, ఆయన బూట్లను, బట్టలను, బల్లపైని సామగ్రిని తీరికగా చిత్రించి, "రాజుగారి గది" అను ధోరణిలో పేరుపెట్టి లోకమునకు సమర్పించిరి. అభిమానుల ఉత్సాహము తన కర్థమగును గాని, తన పడకగదియందే తనకు ఏకాంతము లేనిచో ఇంకెక్కడ లభించునని కోహ్లీ వాపోయెను. హోటలువారు క్షమాపణ వేడి, ఆ పనిలోనివారిని తప్పించిరి. ఇందు గమనింపదగిన విశేష మొక్కటి కలదు: ఆ వీడియోలో ద్వేషము లేశమైనను లేదు, ఉన్నదంతయు భక్తియే. శత్రువు ఇంత దూరము వచ్చినచో కావలివాడు పట్టుకొనియుండును. భక్తుడగుటచేత నేరుగా పడకగదికి పోగలిగెను.

ఇక "నాకు వచ్చిన సందేశము నాది, నా యిచ్చవచ్చినట్లు చేసికొందును" అను వాదము కలదు. ఇది వినుటకు ఎంత నిష్కపటముగా నున్నదనగా, దీనిని మొట్టమొదట కనిపెట్టినవాడు తానేయని ప్రతి అభిమానియు తలచును. కాని యీ యావిష్కరణకు దాదాపు మూడువందల యేండ్ల క్రిందటనే లండనులో పరీక్ష జరిగినది. ఎడ్మండ్ కర్ల్ అను పుస్తకవ్యాపారి, కవి అలెగ్జాండర్ పోపునకును జోనథన్ స్విఫ్టునకును నడచిన ఉత్తరప్రత్యుత్తరములను అచ్చువేసి అమ్మగా, పోపు వ్యాజ్యము తెచ్చెను. 1741లో లార్డ్ హార్డ్విక్ చేసిన తీర్పు ఏమనగా, ఉత్తరము అందినవానికి మహా యనినచో ఆ కాగితముపై హక్కుండవచ్చును గాని, అందలి మాటలను లోకమునకు ప్రకటించు హక్కు సంక్రమింపదని. కాగితమైనను లేని నేటి సందేశమున, పాపము, అభిమానికి మిగులునది ఏదియో నాకు బోధపడకున్నది.

నిజము దాచరాదు గనుక ఈ పోపుగారి మఱియొక చర్యను గూడ చెప్పవలెను. అంతకుముందు 1735లో తన ఉత్తరములు అదే కర్లు చేతికి చిక్కునట్లు ఈయనయే రహస్యముగా ఏర్పాటుచేసి, అవి అచ్చుకాగానే అన్యాయము జరిగినదని గగ్గోలుపెట్టి, ఆ నెపమున తన సొంత ముద్రణము వెలువరించుకొనెను. తన ఉత్తరములను తానే ప్రకటించుకొనుట ఆనాడు అహంకార మనిపించుకొనును. దొంగ ప్రకటించినచో గౌరవమునకు భంగము లేదు. ఇట్టి పోపులు మన క్రీడారంగమునను కలరు. రోగియైన బాలునికి పంపిన ఓదార్పుసందేశము మేనేజరుగారి చలువవలన, ఒప్పందపు పత్రముల కాలమునకు సరిగా "లీకు" అగుట మనము చూడనిది కాదు. వీరి ఏకాంతమునకై నేను కన్నీరు కార్చబోను.

అట్లని బయటపెట్టిన ప్రతివాడును దోషి యనుట నా అభిప్రాయము కాదు. 2000 ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు నాయకుడు హాన్సీ క్రోనే ఒక బుకీతో జరిపిన ఫోను సంభాషణను బయటపెట్టకున్నచో, మనము అమ్ముడుపోయిన ఆటను చూచి చప్పట్లు కొట్టుచునే యుందుము. అచట మోసపోయినవారు ప్రజలు. కావున తెలిసికొను హక్కును వారిదే. ఆటగాని మాటలచే బాధపడిన స్త్రీ వానిని వెల్లడించినచో, ఆ మాటలు అతని సొత్తని వాదించుట సిగ్గుమాలిన పని. 2022 ఫిబ్రవరిలో వికెట్‌కీపరు వృద్ధిమాన్ సాహా ఇంటర్వ్యూ ఇయ్యలేదని తన్ను బెదిరించిన ఒక పాత్రికేయుని సందేశములను ప్రకటించినపుడు సైతము, మొదట ఆతని పేరు చెప్పుటకు నిరాకరించెను. బోర్డు విచారించి ఆ పాత్రికేయుని రెండేండ్లు దూరముంచినది. బెదిరింపబడినవాడు బెదిరించినవాని పేరు దాచెను. "థాంక్స్ బ్రో" అని మర్యాదగా బదులిచ్చినవాని పేరును మనవారు ఎఱ్ఱసిరాతో గుండ్రముగా చుట్టి చూపుచున్నారు.

"వాడు ప్రజల మనిషి, కోట్లు తీసికొనుచున్నాడు" అను వాదమునకు పెద్ద సమాధానము అక్కఱలేదు. కోట్లు ఇచ్చినది బ్యాటింగునకు. ప్రజాధికారి తన విధినిర్వహణమున చేసిన పని వేరు, మనుష్యుని సొంత బ్రదుకు వేరని 1994లోనే ఆటో శంకర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువాడు. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత ప్రాథమికహక్కే యనిరి. అయినను కోర్టు తీర్పులకు థంబ్‌నెయిళ్ళు ఉండవు గనుక వీరి దృష్టికి వచ్చియుండవు.

మన పల్లెలలో చదువురాని తల్లులకు కొడుకుల ఉత్తరములు చదివిపెట్టిన బడిపంతుళ్ళు, పోస్టుమాన్లు ఉండిరి. ఏ యింట అప్పు పుట్టినది, ఏ కోడలు పుట్టింట నిలిచినది, ఏ కొడుకు పట్నమున జబ్బుపడినది వారికి తెలియనిది లేదు. వారి కడుపులోనుండి ఒక్కమాటయు రచ్చబండకు రాలేదు. వారికి పత్రికానీతి నేర్పిన కళాశాల యేదియు లేదు. నేడు అది నేర్చి పట్టాలు పుచ్చుకొన్నవారు రచ్చబండనే వృత్తిగా గైకొనిరి. ఫలితము అప్పుడే కనబడుచున్నది. ఆటగాడు అభిమానికి స్వయముగా వ్రాయుట మాని, ఆ పని జీతగాండ్రకు అప్పగించుచున్నాడు. వారు "మీ ప్రేమకు కృతజ్ఞతలు" అను ఒకే వాక్యమును పదివేలమందికి ఒకే నిముషమున పంపుచున్నారు. దానిని ఎవ్వరు ఎంతగా ప్రకటించినను భయము లేదు, అందు మనిషి లేడు గనుక.

కావున సంపాదక మహాశయులారా, మీకు ఇట్టి స్క్రీన్‌షాటు చేరినపుడు, అందు మోసము లేదు, బెదిరింపు లేదు, ఎవ్వరికిని హాని లేదు అని తేలినచో, అచ్చువేయుటకు ముందు వ్రాసినవానిని ఒక్కమాట అడుగుడు. ఆయనను చేరుట దుర్లభమని మాత్రము చెప్పవలదు. ఆయన పేరు ఆ చిత్రములోనే, పైవరుసలో, బ్లూ టిక్కుతో సహా ఉన్నది.