పంపు సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి హైదరాబాదులో తిరిగే పెట్రోలు బుల్లెట్లన్నీ కార్బురేటర్ బండ్లే. పైన ట్యాంకు, కింద ఇంజిన్, నడుమ ఒక కాక్. కాక్ తిప్పితే పెట్రోలు తన బరువుకు తానే జారేది. పంపు అన్న మాట బోరుబావికే చెల్లేది. 2009లో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌తో క్లాసిక్ 500 దిగింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధన వచ్చేసరికి బుల్లెట్ 350కి కూడా కార్బురేటర్‌తో రుణం తీరింది. అలా పెట్రోలు ట్యాంకులోకి కరెంటు మోటారు కాపురానికొచ్చింది.

ప్రస్తుత కథానాయకుడు రాయదుర్గంలో ఒకానొక అద్దాల మేడలో కోడ్ రాసుకునే యువకుడు, ఒక క్లాసిక్ 500కు యజమాని. ఐమోర్ కస్టమ్స్ వంటి హైదరాబాదీ శిల్పులు ఎన్‌ఫీల్డ్‌లకు ఇచ్చిన కొత్త రూపాలు చూసి మనసు పడ్డాడు. బోరబండ వైపు ఒక షెడ్డులో రేకు కొట్టించి సన్నపాటి ట్యాంకు చేయించాడు. అందం కుదిరింది. కానీ కంపెనీవాళ్ళు పాత ట్యాంకు అడుగున బిగించిన పంపుకు కొత్త ట్యాంకులో చోటు కుదరలేదు. “ఉస్తాద్, పంపు ఎట్ల మరి?” అని షెడ్డు మెకానిక్‌ను వాట్సాప్‌లో అడిగితే, జవాబుగా వచ్చిన వాయిస్ మెసేజే ఈ గ్రంథానికి మూలం.

పంచమహాకావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. హైటెక్ సిటీ నుంచి బండి మీద పూట ప్రయాణం కూడా కాదు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన నియమం పెట్టుకున్నాడు. మాకు ఆయన ఊరు దగ్గరే గాని నియమం చాలా దూరం. ఉస్తాదు మూడు వాక్యాల్లో ముగించినదాన్ని మేము ఇంత పొడుగు చేయబోతున్నాం. పాఠకులు మన్నించాలి.

మూలం

“పంపు మునిగుండాలె, జాలి ముందుగాల.
రిటన్ మీదికెళ్ళి, కరెంటు సీదా బ్యాటరీకెళ్ళి.
మూత బొక్క బంద్ జెయ్యకన్నా, గంతే.”

ప్రతిపదార్థం

అన్నా = ఓ క్రెడిట్ కార్డు గల అయ్యా; పంపు = పెట్రోలును తోసెడు విద్యుద్యంత్రము; మునిగుండాలె = పెట్రోలునందు మునిగియే ఉండవలయును; జాలి = సన్నని కన్నులు గల వడపోత; ముందుగాల = పంపు కంటె ముందే (ఉండవలయును అని అధ్యాహారము); రిటన్ = మిగులు పెట్రోలు మరలివచ్చు గొట్టము; మీదికెళ్ళి = ట్యాంకు పైభాగము నుండి; కరెంటు = విద్యుత్తు; సీదా = దారిలో ఎవ్వరిని పలకరింపక; బ్యాటరీకెళ్ళి = బ్యాటరీ నుండియే; మూత బొక్క = ట్యాంకు మూతయందలి గాలిరంధ్రము; బంద్ జెయ్యకు = మూయకుము; గంతే = ఇంతకు మించి అడుగవలదు, మరల ఫోన్ చేసిన ఎత్తను అని ధ్వని.

అన్వయం

ఛందస్సు కోసం, అందం కోసం పద్యంలో మాటలు చోట్లు మార్చుకుంటాయి. ఏ మాట ఏ మాటకు చెందుతుందో వెతికి పట్టుకోవడమే అన్వయం. కంపెనీ నుంచి వచ్చిన బండి వచనం. అందులో పంపు, పైపు, వైరు, మూత ఎవరి చోట వాళ్ళు ఉంటారు, కొన్నవాడు చదువుకుంటూ పోతే చాలు. కస్టమ్ బండి పద్యం. ట్యాంకు ఒక్కటి మార్చినా దానితో ముడిపడ్డవన్నీ చెల్లాచెదరవుతాయి. పంపు బిగించడమంటే నాలుగు బోల్టులు తిప్పడం కాదు, చెదిరిన ఆ సంబంధాలను ఒక్కొక్కటిగా మళ్ళీ కలపడం. ఉస్తాదు చెప్పిన అయిదు మాటలూ అయిదు సంబంధాలు. పంపు ఒక్కటే విశేష్యం, తక్కినవన్నీ దానికి విశేషణాలు.

విశేషాలు

మునిగుండాలె: అడుగు ఎత్తు నుంచి జారే పెట్రోలుకు పుట్టే ఒత్తిడి బార్‌లో రెండు శాతం. కార్బురేటర్‌కు అది చాలు. ఇంజెక్టర్‌కు కావలసింది సుమారు 3 బార్, అంటే నూరు రెట్లకు పైమాటే. అంత తోయాలంటే మోటారు వేడెక్కుతుంది. ఆ వేడిని లాగేసేది చుట్టూ ఉన్న పెట్రోలే, లోపలి భాగాలకు జారుడు ఇచ్చేదీ అదే. నెలాఖరున ట్యాంకు అడుగంటించి తిరిగేవాడి పంపుకు ఆయుష్షు తగ్గేది అందుకే.

శంక: పెట్రోలులో కరెంటు మోటారా? నిప్పు రవ్వ పడితే? సమాధానం: పెట్రోలు ఒంటరిగా మండదు. గాలిలో దాని ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం ఉన్నప్పుడే అంటుకుంటుంది. మునిగిన పంపు లోపల గాలే ఉండదు. పెట్రోలు మట్టం పైన ఉండే ఆవిరి మామూలుగా ఆ హద్దు దాటి చిక్కగా ఉంటుంది. అసలు భయం వేరే చోట ఉంది. పంపు కూర్చోవడానికి ట్యాంకు అడుగున కడియం వెల్డింగ్ చేయాలి. పెట్రోలు ఒంపేసి, కడగకుండా, ఆవిరి పోనివ్వకుండా ఆ పని మొదలుపెడితే ఖాళీ ట్యాంకే బాంబు. నిండు కన్నా ఖాళీ ప్రమాదకరమనేది ఇక్కడి విరోధాభాసం.

పరమతం: సన్న ట్యాంకులో పంపు పట్టదు కాబట్టి బయట, సీటు కింద బిగిద్దామని కొందరు. తప్పని అనలేం, షరతులున్నాయి. పంపుకు తోయడం వచ్చు గాని పీల్చడం అంతగా రాదు. కాబట్టి అది ట్యాంకు అడుగు కన్నా కిందే ఉండాలి. పైన ఉంటే పెట్రోలును లాగబోతుంది. మే నెల ఎండలో, బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర కదలని ట్రాఫిక్‌లో, కింద ఇంజిన్ కాగుతుంటే, ఆ లాగుడుకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బుడగలు కడుతుంది. పంపు బుడగల్ని తోయలేక కూస్తుంది, బండి ఆగుతుంది. సన్న ట్యాంకు అడుగున చిన్న తొట్టి లాంటిది దించి, అందులో పంపును నిలబెట్టడం ఉస్తాదుల సిద్ధాంతం.

జాలి ముందుగాల: చేత్తో కొట్టిన ట్యాంకులో వెల్డింగ్ పొట్టు, గ్రైండింగ్ రజను, తుప్పు ఉండి తీరుతాయి. జాలి పంపుకు ముందు ఉంటే పంపు బతుకుతుంది. పంపు తర్వాత పెట్టే సన్న ఫిల్టర్ ఇంజెక్టర్‌ను కాపాడుతుంది. రెండూ కావాలి. ఉస్తాదు మొదటిదే చెప్పాడంటే రెండోది చెప్పించుకునే స్థితిలో శిష్యుడు ఉండకూడదని భావం.

రిటన్ మీదికెళ్ళి: పంపు ఎప్పుడూ ఇంజిన్ తాగేదానికన్నా ఎక్కువే తోస్తుంది. మిగులును రెగ్యులేటర్ వెనక్కి మళ్ళిస్తుంది. తిరిగొచ్చే పెట్రోలు వేడిగా, నురగతో వస్తుంది. దాన్ని పంపు నోటి పక్కనే దించితే ఆ నురగనే పంపు మళ్ళీ మింగుతుంది. అందుకే పైన, నోటికి దూరంగా. పాఠాంతరం: రెగ్యులేటర్ పంపుతో పాటు ట్యాంకులోనే ఉండే రకాలకు బయట ఈ గొట్టం అక్కరలేదు. పంపు తెచ్చుకునే ముందే మనది ఏ పాఠమో తేల్చుకోవాలి.

కరెంటు సీదా బ్యాటరీకెళ్ళి: ఈ సూత్రాన్ని అక్షరాలా చదివినవాడు చెడతాడు. ఇక్కడ ‘రిలే ద్వారా’ అన్నది అధ్యాహార్యం, ‘ఫ్యూజుతో’ అన్నది కూడా. పంపు కొన్ని ఆంపియర్లు లాగుతుంది. పాత తాళం స్విచ్చులోంచి, సన్న వైర్లలోంచి తిప్పి తెస్తే దారిలోనే వోల్టేజీ పడిపోయి పంపు నీరసిస్తుంది. కాబట్టి బలం బ్యాటరీ నుంచి, ఆజ్ఞ ఇంజిన్ కంప్యూటర్ నుంచి రావాలి. ఆ రెండింటినీ కలిపేది రిలే. ఆజ్ఞ ఎందుకంటే, బండి పక్కకు పడిపోతే సెన్సర్ పసిగట్టి పంపును ఆపించాలి. రిలే లేకుండా కలిపిన పంపు, బండి కేబుల్ బ్రిడ్జి మీద పడి ఉన్నా పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

మూత బొక్క: పెట్రోలు తగ్గినకొద్దీ ఆ చోటికి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, పంపు గుంజీ గుంజీ అలసిపోతుంది. కొంత దూరం నడిచి ఆగిన బండి, మూత తీయగానే ‘స్స్’ అని, మళ్ళీ స్టార్ట్ అయితే పంపు మార్చనక్కరలేదు, మూత చూస్తే చాలు. పెయింటు కొట్టేటప్పుడో పాలిష్ పట్టేటప్పుడో ఆ బెజ్జం పూడుకుపోతుంది. చివరి సూత్రంలో ‘అన్నా’ అన్న సంబోధన ఉండడానికి కారణం, అందం కోసం ఆ బొక్క మూయించేది అన్నే కనుక.

అనుక్తం

మూలంలో పైపు మాట లేదు. కార్బురేటర్ బండి పైపును ఇంజెక్షన్‌కు వాడరాదు. ఎస్ఏఈ జే30 ప్రమాణంలో ఆర్6 తక్కువ ఒత్తిడిది, ఆర్9 ఇంజెక్షన్‌ది. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే ముక్కకు ఆర్10 కావాలి. బయటి పైపు కోసి లోపల వేస్తే, పై తొడుగు నానిపోయి ఊడుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. అది పాత రబ్బరుతో పొసగదు, పైగా తేమను లాక్కుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ విడిపోయి అడుగుకు దిగుతాయి. పంపు ఉండేదీ అడుగునే.

అధికారి

శాస్త్రగ్రంథానికి అధికారి ఎవరో, అంటే చదవడానికి అర్హుడెవరో, చెప్పాలని పెద్దలు. ఈ గ్రంథానికి అర్హుడు బండి యజమాని. అసలు అధికారి మాత్రం ఆర్టీఓ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసిపెట్టింది. కాబట్టి ఏ మార్పుకు అనుమతి ఉందో రేకు కొట్టించకముందే కనుక్కోవాలి. ఏది మార్చాలో ఉస్తాదుకు తెలుసు, ఏది మార్చవచ్చో మాత్రం ఆయన్ని అడగకూడదు.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధగా చదివినవాడు స్టార్టర్ నొక్కే ముందు తాళం మాత్రం తిప్పుతాడు. పంపు కొద్ది క్షణాలు ‘జూం’ అని ఊరుకుంటుంది, గొట్టాల్లో ఒత్తిడి నిలుస్తుంది. అప్పుడు టార్చి వేసి ఒక్కో క్లిప్పు కింద పొడి గుడ్డ ఆనించి చూస్తాడు. గుడ్డ తడిస్తే తాళం తీసి, మూలం మళ్ళీ వింటాడు. తడవకపోతే స్టార్ట్ చేస్తాడు. చదవనివాడు తిన్నగా స్టార్టర్ నొక్కుతాడు. వాడికోసం ఏ వ్యాఖ్యాతా టీక రాయలేదు, బీమా కంపెనీ వాళ్ళు మాత్రం రాసుకున్నారు, సన్న అక్షరాల్లో.