పార్కు పెద్దాయన

రాజమహేంద్రవరంలో ఇన్నీసుపేట, ఆర్యాపురం, దానవాయిపేట వంటి పాత పేటల సాంఘిక చరిత్ర రాసేవారు పార్కు పెద్దాయనను విస్మరించడానికి వీల్లేదు. విస్మరిస్తే ఆయన ఊరుకోరు కూడా. పార్కు పెద్దాయన అంటే ఉద్యోగ విరమణ చేసిన సాయంత్రమే, మెడలో దండ తీయకముందే, వీధి చివరి పార్కుకు వెళ్లి, అక్కడి పిచ్చిమొక్కలను, విరిగిన జారుడుబల్లను, నీళ్లు రాని కుళాయిని చూసి, ఎవరూ అడగకుండానే వాటి బాధ్యత నెత్తిన వేసుకొనే వ్యక్తి.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పార్కులను, ఆటస్థలాలను పన్నెండో షెడ్యూలులో, అంటే పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనుల జాబితాలో చేర్చిందన్న సంగతి ఉద్యోగులు మరిచిపోవచ్చునేమో గాని, దాని జిరాక్సు కాగితానికి లామినేషన్ చేయించి చేతిసంచిలో పెట్టుకు తిరిగే ఈయన మరవరు. నగరాల తాగునీటికి, మురుగునీటి వసతులకు ప్రధానంగా నిధులిచ్చేందుకు కేంద్రం 2015లో ప్రారంభించిన అమృత్ పథకం పచ్చదనానికి గరిష్ఠంగా 2.5 శాతమే కేటాయించడాన్ని తమకు జరిగిన అవమానంగా భావించి, "ఆయ్, పీల్చే గాలికి రెండున్నరేనాండీ?" అని ఎదురైన ప్రతివారినీ, ఒక్కోసారి పాలవాణ్ణి కూడా, నిలదీస్తారు. ఏటా కనీసం ఒక పిల్లల పార్కును అభివృద్ధి చేయాలన్న అదే పథకం మాటను గౌరవంగా వల్లిస్తూనే, గడ్డి నలుగుతుందని పిల్లల బంతి లాక్కొని సంచిలో వేసుకుంటారు.

ప్రజాభిప్రాయ సేకరణ, అంటే పార్కు ఎలా ఉండాలో పేటవాసులనే అడిగి తెలుసుకోవడం, ఈయన అధ్యక్షతన జరిగే తీరు ప్రత్యేక అధ్యయనానికి అర్హమైనది. ఆదివారం ఉదయం పెసరట్టు ఉప్మాతో మొదలయ్యే ఆ సమావేశంలో, సాయంత్రం నడకకు వచ్చే స్త్రీలు గేటు దగ్గర లైటు కావాలంటారు, తోపుడుబండివారు గోడవార కానుగ నీడ కావాలంటారు, ముసలివారు వీపు ఆనుకునే బల్లలు కావాలంటారు. ఆయన అందరికీ "తప్పకుండానండి, రాసుకున్నానండి" అంటారు. తీర్మానాల పుస్తకంలో మాత్రం తమ తండ్రిగారి పేరు "కీ.శే."తో సహా చెక్కించిన సిమెంటు బల్ల ఒకటి, క్రోటన్ల వరసలు రెండు తేలతాయి. ఆ క్రోటన్లు కడియం నర్సరీల నుంచే రావాలి, స్వయంగా వెళ్లి బేరమాడి కొసరుగా ఒక నందివర్ధనం అడిగి మరీ తేవాలి, తెచ్చాక ఆటో కిరాయి లెక్క పేటంతా నెలరోజులు వినాలి.

అయినా ఈయనను తీసిపారేయడం కుదరదు. లేఅవుట్ ఖాళీ స్థలంలో, అంటే ఇళ్ల స్థలాలు విడగొట్టినప్పుడు ఉమ్మడి అవసరాలకు వదిలిన జాగాలో, ముందు ఒక పాక, పాక పక్కన షెడ్డు, షెడ్డుకు కరెంటు మీటరు వెలిసే సమయంలో ఆ లామినేషన్ కాగితాలతో అడ్డం నిలబడేది ఈయనొక్కరే; తిట్లు తినేదీ ఈయనే. కాంట్రాక్టరు నిర్వహణ గడువు తీరిపోయి రోహిణి కార్తె ఎండకు మొక్కలు మాడుతున్నప్పుడు, సమావేశంలో గట్టిగా మాట్లాడినవారంతా ఏసీ గదుల్లో ఉండగా, పంచె ఎగ్గట్టి బకెట్లతో నీళ్లు మోసేది, తమ క్రోటన్లకే కాక, తోపుడుబండివారు విసిగి తామే నాటుకున్న కానుగ మొక్కకు కూడా పోసేది, ఈయనే.

అధ్యక్షుణ్ణి మార్చాలన్న ఆలోచన ప్రతి పేటలోనూ ఏటా పుడుతుంది, ఏటా వాయిదా పడుతుంది. మార్చాలంటే సమావేశం పెట్టాలి, సమావేశం పార్కులో పెట్టాలి, పార్కు తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది.