శుభలేఖ పాటి చేయని పటం

మొన్న ఇంటికి ఒక శుభలేఖ వచ్చింది. నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడు, వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్. ఫోను చూపించానో లేదో, మా ఊరి కొత్త ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఎర్ర గుర్తు పడింది. అరుగు మీద కూర్చున్న పెద్దాయన తొంగిచూసి పెదవి విరిచాడు. "అక్కడ వాగుండేది అబ్బాయ్! చెరువు అలుగు పారితే నీళ్లన్నీ అటే పోయేవి."

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడ్డ తీరు చూశాక, వాగు అన్న మాట వింటే నాకు నిద్ర పట్టదు. పాత గ్రామపటం చూస్తే తేలిపోతుంది కదా అని ఒక ఆఫీసుకు వెళ్లాను.

"పటమా? ఏ పర్పసుకండీ?"

"వాగు ఎక్కడుండేదో చూద్దామని."

"అక్కడ మీకు భూమి ఉందా?"

"లేదండీ."

"మరి మీకెందుకండీ?"

నీళ్లు నమిలాను. వాగు నీళ్లే అయ్యుంటాయి.

ముచ్చటగా మూడుసార్లు తిరిగాక వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ దిగింది. వాలుగా పెట్టి స్కాన్ చేశారు. ఎడమ పక్కన స్కాన్ చేసినవారి బొటనవేలు పడింది. పటం మొత్తంలో స్పష్టంగా ఉన్నది అదొక్కటే. మడత పడిన చోట మూడు సర్వే నంబర్లు మాయం. కింద మైలుకు 16 అంగుళాలని రాసి ఉంది. ఫోను తెర మీద రెండు వేళ్లతో సాగదీస్తే మైలుకు ఎన్ని అంగుళాలైనా వస్తాయి! ఏ సంవత్సరంలో గీశారో లేదు, అక్షాంశ రేఖాంశాల ఊసే లేదు.

సరే, పాత టోపోషీటు (స్థలాకృతి పటం) కాపీ ఒకటి సంపాదించాం. మా మేనల్లుడు కంప్యూటర్లో దాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచాడు. చెరువు వెళ్లి రామాలయంలో పడింది. పాత షీట్లు ఎవరెస్ట్ దొర పేరిట ఉన్న భూగోళం లెక్కలో గీసినవి, ఫోన్లోని జీపీఎస్‌ది వేరే లెక్క. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చకపోతే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగానే తేడా వస్తుంది. ఏ లెక్కో షీటు అంచున ముద్రించి ఉంటుంది. మా కాపీకి అంచు లేదు. అందంగా ఉంటుందని కత్తిరించేశారు.

కొలవడంలో మనకు లోటు లేదు. సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది 1767లో. లాంబ్టన్ దొర 1802లో మద్రాసులో గొలుసు పరిచి మొదలుపెట్టిన కొలత హిమాలయాల దాకా పోయింది. అంత దూరం వెళ్లిన పటం బీరువాలోంచి బల్ల మీదికి రావడానికే ఆయాసపడుతోంది. 2016లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లు కూడా తెచ్చింది. దాని ప్రకారం పటాల సమాచారం సేకరించాలన్నా పంచాలన్నా లైసెన్సు కావాలి. దేశ సరిహద్దులు తప్పుగా చూపిస్తే 100 కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు. మన పుణ్యం కొద్దీ అది చట్టం కాలేదు.

2021 ఫిబ్రవరిలో కేంద్రం మాట మార్చింది. రహస్యమైనవి పోను, ప్రజాధనంతో తయారైన పటాల సమాచారం భారతీయులందరికీ సులువుగా అందాలని మార్గదర్శకాలిచ్చింది. 2022 డిసెంబరులో ఏకంగా జాతీయ విధానమే వచ్చింది. ఢిల్లీలో తలుపు తీశారు గానీ, నేను తిరిగిన ఆఫీసు బీరువా తాళం ఇంకా సెలవులో ఉన్న గుమాస్తా జేబులోనే ఉంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

పోనీ, వేర్వేరు శాఖల దగ్గర ఉన్నవైనా ఒకచోట దొరుకుతాయా? రోడ్ల శాఖ పటం రోడ్ల శాఖది, నీళ్ల పైపుల పటం నీళ్లవాళ్లది. ఒకరిది ఒకరు చూడరు. అందుకే రోడ్డేసిన వారానికి గునపం దిగుతుంది. తవ్వేముందు ఒకరికొకరు చెప్పుకోండర్రా అని 2023లో కేంద్రం ఒక యాప్ పెట్టాల్సి వచ్చింది.

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. శుభలేఖ చూడండి. ఎవరు పిలుస్తున్నారో ఉంటుంది, ఎప్పుడో ఉంటుంది, ఎక్కడో ఉంటుంది, అనుమానమొస్తే చేయడానికి ఫోన్ నంబరు ఉంటుంది. ఏ ఫోన్లో అయినా తెరుచుకుంటుంది. "సకుటుంబ సపరివార సమేతంగా" అని అనుమతి కూడా అందులోనే ఇచ్చేస్తారు. పటానికీ కావలసింది అంతే: ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ లెక్కలో గీశారు, ఎవరు వాడుకోవచ్చు. బొటనవేలి ఫొటోకి బదులు కంప్యూటర్ చదవగలిగే ఫైలు. ఏ ఊరి పటం ఎక్కడుందో చెప్పే ఒక్క జాబితా. పెళ్లివారు వారంలో చేసే పని ఇది.

కలెక్టర్లకు, కమిషనర్లకు నాదొకటే మనవి. కొత్త పోర్టల్ ఏదీ ప్రారంభించకండి. ఉన్న పటాలకు ఒక్కొక్క శుభలేఖ వేయించండి.

పెళ్లి శ్రావణంలో. బంధువులంతా క్యూఆర్ కోడ్ చూసుకుని ఆ హాలుకే వస్తారు. చెరువు ఇప్పటికే ముప్పాతిక నిండింది. వాగు ఎక్కడుండేదో నాకింకా తేలలేదు.