పైలట్ గారి తీరిక

మా పైలట్ గారితో కేసులున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. లేనప్పుడే చావొస్తుంది.

108 బండి నడిపేవారిని పైలట్ అంటారు, వెనకాల రోగి పక్కన కూర్చునే నాబోటివాణ్ని ఈఎంటీ అంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ బండ్లలో ఒకటి నందిగామ వైపు హైవే పక్కన, వేపచెట్టు కింద మాకు దక్కింది. షిఫ్టు పన్నెండు గంటలు. కొన్ని రాత్రులు గ్లౌజులు మార్చుకునే తీరికుండదు. కొన్ని పగళ్లు ఈగలు తోలుకోవడమే.

అలాంటి పగటిపూట ఆయన ముందు బండి కడుగుతారు. తుంపర పడుతున్నా కడుగుతారు. తర్వాత, నేను చూసిన ఆక్సిజన్ సిలిండరు, నేను సర్దిన డెలివరీ కిట్టు మళ్లీ ఆయన చూస్తారు. "నీ మీద నమ్మకం లేక కాదు తమ్ముడూ" అంటారు. అయితే మరెందుకో చెప్పరు. సైరన్ పనిచేస్తోందా లేదా అని ఒక్కసారి కూయిస్తారు. టీ బంకు దగ్గర సగం గ్లాసులు ఒలుకుతాయి.

ఇక భూములు. 2014లో రాష్ట్రం విడిపోయాక మా వైపు ప్రతి మనిషిలోనూ సగం బ్రోకరు పుట్టాడు, ఈయనలో ముప్పాతిక. దారులన్నీ సెంటు రేట్లతోనే గుర్తు. మొన్నొక నిండు గర్భిణి కోసం వెళ్తే, ఆమె భర్త గేటు తీసేలోపే "ఈ కార్నర్ బిట్టు ఎవరిది?" అని అడిగేశారు. అదే మనిషి తిరుగుదారిలో ఒక్క గుంతలో కూడా చక్రం దిగనివ్వలేదు. నొప్పులు ఎక్కువై బండి పక్కకు ఆపమంటే ఆపి, టార్చి పట్టుకుని, సిగ్గుతో మొహం అటు తిప్పేసుకున్నారు. వెలుగు పడింది నా చెవి మీద. బిడ్డ కేర్‌మన్నాక మాత్రం కళ్లు తుడుచుకున్నది నేను కాదు.

అన్నం దగ్గర ఆయన శాస్త్రం వేరు. పప్పు గిన్నె మూత తీస్తే డెలివరీ కేసట, పెరుగు గిన్నె తీస్తే యాక్సిడెంటట. అందుకని క్యారేజీలో ఒక్కో గిన్నే దొంగతనంగా తెరుస్తారు. నా గోంగూర పచ్చడికి మాత్రం ఏ దోషమూ లేదు, నేను చెయ్యి కడుక్కొచ్చేలోపు సగం సీసా ఖాళీ. "ఇవాళ కేసుల్లేవు" అని పొరపాటున నోరు జారానా, సాయంత్రం దాకా నాతో మాట్లాడరు. పైగా ఆ తర్వాత వచ్చిన కేసులన్నీ నా ఖాతాలోనే.

రాత్రి కాళ్లు కిటికీలోంచి బయటపెట్టి గురక. ఫోను మోగిందంటే రెండో రింగుకి ఇంజను స్టార్టయి ఉంటుంది. నేనింకా చెప్పులు వెతుక్కుంటూ ఉంటాను. ఆ ఒక్క విద్యకి ఆయన మీద నాకు కుళ్లు.

ఈ నెల నన్ను వేరే బండికి వేశారు. కొత్త పైలట్ కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, బండి కడగడు, భూముల ఊసెత్తడు. హాయిగా ఉందనుకున్నాను. మధ్యాహ్నం క్యారేజీ గిన్నెలన్నీ ఒకేసారి పరిచేసి, పెరుగు గిన్నె మూత కూడా తీసి, "ఇవాళ భలే ఖాళీగా ఉందన్నా" అన్నాడు.

నేను లేచి గ్లౌజులు తొడుక్కున్నాను.