గిట్టనివాళ్ల పని గిట్టుబాటుగా: కొన్ని సలహాలు

ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లు, సావనీర్లు రాసేవాళ్లు, ఉపన్యాసాలు రాసిపెట్టేవాళ్లు, లోకల్ చానల్ యాడ్లకి గొంతు అరువిచ్చేవాళ్లు... మొత్తమ్మీద తమ కళని చదరపు అడుగుల లెక్కనో పేజీల లెక్కనో అమ్ముకునే ప్రతివాళ్లకీ ఏదో ఒక రోజు గిట్టని మనిషి వచ్చి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూచుంటాడు. ఆ రోజుకి పనికొస్తాయని ఈ సలహాలు. ఇందులో నా సొంత తెలివి ఏమీ లేదు. ఈ రంగంలో తలపండినవాళ్లు ఊరూరా పాటిస్తున్నవే ఒకచోట చేర్చాను.

అన్నిటికన్నా ముందు, 'కుదరదు' అన్న మాట నోటివెంట రానివ్వకండి. ఆ మాట అంటే అర నిమిషంలో వ్యవహారం తేలిపోతుంది, ఆయన లేచి ఇంకో షాపుకి పోతాడు. అంత తేలిగ్గా పోనిస్తే ఎలా? "చూద్దాం అన్నా", "మీరు చెప్పాక కాదంటామా" అనండి. మర్నాటి నుంచి ఫోను ఎత్తకండి. ఎత్తాల్సి వస్తే కరెంటు లేదనండి, మెషీన్ హెడ్ జామైందనండి, డిజైన్ చేసే కుర్రాడు అత్తారింటికి వెళ్లాడనండి. చివరికి ఆయన పుట్టినరోజు నాడు తెల్లారుజామున, పక్కనే జనరేటర్ మోగుతుంటే, ఆ పని మీరే చేసివ్వండి. ఒప్పుకున్నందుకు పేరూ రాదు, ఒప్పుకోనందుకు గౌరవమూ మిగలదు.

రేటు ముందే చెప్పడం మరీ బజారు పద్ధతి. కొంతమంది ఉన్నారు, నచ్చిన పనికి కాస్త తగ్గిస్తారు, నచ్చని పనికి పెంచుతారు, ఆ పెంచింది కొటేషన్ కాగితం మీద అంకెల్లో రాస్తారు, ప్రూఫ్ ఎన్నిసార్లు మారుస్తారో కూడా అందులోనే రాస్తారు, సగం అడ్వాన్సు చేతిలో పడ్డాకే కంప్యూటర్ ఆన్ చేస్తారు. వాళ్లకి రాత్రిపూట నిద్ర పడుతుంది. కళాకారుడికి అది శోభించదు. మీరు మాత్రం "మన మధ్య డబ్బులేంటన్నా" అనండి. అసహ్యానికి కట్టిన రేటుని మనసులోనే దాచుకుని, ఆయన ఇచ్చింది పుచ్చుకుని, ఇవ్వనిదానికి ఏళ్ల తరబడి కుమిలిపోండి. చిన్న సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైనవాళ్లకి ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలని, దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుందని 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టంలో ఉంది. అలాంటివి చదవకండి. డబ్బు టైముకి వస్తే క్లయింటు మీద కోపం సగం చల్లారుతుంది. కోపం చల్లారినవాళ్లకి ఈ సలహాలతో పనిలేదు.

మరి ఆ కోపాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. కొటేషన్‌లో పెట్టలేదు గనక పనిలో పెట్టండి.

ఇరవై బై పది ఫ్లెక్సీ అనుకుందాం. పైవరసలో గుండ్రాల్లో పార్టీ పెద్దలు, మధ్యలో రెండు చేతులూ జోడించి నేతగారు, వెనక సింహమో సూర్యోదయమో, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు రెండు వరసలు. పగ తీర్చుకోవడానికి ఇంతకన్నా విశాలమైన జాగా దొరకదు. ఆయనకి పక్కలో బల్లెంలా ఉన్న మండల నాయకుడి ఫొటో ఒక అంగుళం పెంచండి. 'ప్రజాబంధు' అన్న బిరుదులో 'ధ' కింద గీత ఎగరగొట్టండి, 'ప్రజాబందు' అయి కూచుంటుంది. అడిగితే ఫాంటు మీదకి తోసెయ్యండి. వాట్సాప్‌లో వచ్చిన యూనికోడ్ మేటర్‌ని అను ఫాంట్లలోకి మార్చేటప్పుడు అక్షరాలు చెదరడం, ఫొటోషాప్‌లో కంపోజర్ సెట్టింగ్ మార్చకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడటం ఈ పని తెలిసిన ప్రతివాళ్లూ చూసినవే గనక ఎవరూ మిమ్మల్ని అనుమానించరు.

ఒక చిన్న చిక్కుంది. ఫ్లెక్సీ కట్టాక సెంటర్లో టీ తాగుతూ దాన్ని చూసేవాళ్లలో నేతగారి గురించి కొత్తగా తెలుసుకునేవాడు ఒక్కడూ ఉండడు. ఆయనేంటో ఊరందరికీ తెలుసు. కింద కుడిమూల మాత్రం మీ షాపు పేరూ, మీ సెల్ నంబరూ ఉంటాయి. తప్పు పట్టుకున్నవాడి కన్ను తిన్నగా అక్కడికే దిగుతుంది. పోనీ పేరు తీసేద్దామంటే ఎన్నికల సమయంలో అదీ కుదరదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల పోస్టర్ మీద అచ్చువేసినవాడి పేరూ చిరునామా, వేయించినవాడి పేరూ చిరునామా ఉండి తీరాలి. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సొంత నాయకుడి కోసం జైలుకెళ్లినవాళ్లని చూశాం. గిట్టని నాయకుడి కోసం వెళ్లిన ఘనత మీకే దక్కనివ్వండి.

ఇక మనస్సాక్షి సంగతి. దాన్ని బ్యాలెన్స్ రాని రోజున నిద్రలేపండి, అంతకుముందు వద్దు. అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఆయన చెరువు పూడ్చి వేసిన వెంచర్ మీకు గుర్తు రాకూడదు. ఆర్నెల్లు తిప్పించుకున్నాక మాత్రం "అలాంటివాడి డబ్బు నాకెందుకు" అని నలుగురిలో అనొచ్చు. అలాగే, రుచి నచ్చనివాణ్నీ నడత నచ్చనివాణ్నీ ఒకే గాటన కట్టండి. ముదురు గులాబీ మీద పచ్చ అక్షరాలు కావాలన్నవాడూ, పేదల స్థలం కబ్జా చేసినవాడూ మీకు ఒకటే కావాలి. మొదటివాడితో పది నిమిషాలు కూచుని రెండు రంగుల నమూనాలు చూపిస్తే దారికొస్తాడనీ, రెండోవాణ్ని ఏ రంగూ మార్చలేదు గనక గుమ్మంలోనే దండం పెట్టి పంపాలనీ ఎవరైనా అంటే నమ్మకండి. ఇద్దరి మీదా సమానంగా పళ్లు నూరండి. మొదటివాడి పని పాడుచెయ్యండి, రెండోవాడి పని చక్కగా చేసిపెట్టండి. లోకంలో జరుగుతున్నది ఎక్కువగా అదే.

మనిషి కాక విషయమే నచ్చనప్పుడు దాని దగ్గరికి వెళ్లి చూడకండి. ప్లాట్ల బ్రోచర్ రాయమన్నారనుకోండి, సైట్‌కి రమ్మంటే ఎండ అనండి. 'కూతవేటు దూరంలో', 'ప్రశాంత వాతావరణంలో', 'మీ కలల సౌధానికి' అని ఇంట్లో కూచునే రాయొచ్చు. పొరపాటున వెళ్లారో, ఆ పొలం అమ్మిన రైతు గట్టుమీద కనిపిస్తాడు, బోరు ఎన్ని అడుగుల్లో పడిందో చెబుతాడు, వానాకాలం నీళ్లు ఎటువైపు నిలుస్తాయో చూపిస్తాడు. ఇక కొనేవాడికి పనికొచ్చే మాట ఒకటైనా రాయకుండా ఉండలేరు. మెల్లగా ఆసక్తి పుడుతుంది. అదే ప్రమాదం. రెరా నంబరు కూడా అడగకండి. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం వర్తించే వెంచర్‌కి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, ప్రకటనలో ఆ నంబరు కనబడాలి. నంబరు లేదని తెలిసిందంటే కాదనడానికి మీ దగ్గర బ్రహ్మాండమైన కారణం తయారవుతుంది. ముందే చెప్పాను, మనం కాదనకూడదు.

చిన్న పనిలో ఉన్న పెద్ద చిక్కుముడిని కూడా పట్టించుకోకండి. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చిన 1950లోనే శ్రీశ్రీ 'ఆహుతి' అనే డబ్బింగ్ సినిమాకి తెలుగు మాటలూ పాటలూ రాశాడు. తెర మీద పరాయి పెదవి ఎక్కడ మూసుకుంటుందో అక్కడ ప, బ, మ పడేలా చూసుకోవడం డబ్బింగ్ రచనలో కష్టం. అంతటి కవి ఆ లెక్క చూసుకుంటూ కూచున్నాడంటే మనకి చిన్నతనంగా ఉండాలి.

పూర్వకవుల్ని అవసరాన్నిబట్టి వాడుకోండి. కాదనాలని ఉబలాటం పుట్టినప్పుడు పోతన. భాగవతాన్ని రాజుకివ్వక రాముడికి అంకితమిచ్చాడని చెప్పండి. ఆయన నాగలి పట్టి బతికాడని చెప్పుకునే కథ మాత్రం ఎత్తకండి. బతకడానికి ఇంకో దారి ఉందని తెలిస్తే త్యాగం తేలికైపోతుంది. ఒప్పుకోవాలని ఉన్నప్పుడు శ్రీనాథుడు. నైషధం మామిడి సింగన మంత్రికి, హరవిలాసం అవచి తిప్పయ్యశెట్టి అనే సుగంధద్రవ్యాల వర్తకుడికి, కాశీఖండం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి. పేచీ అంతా తిక్కనతోనే. నిర్వచనోత్తర రామాయణం మనుమసిద్ధికిచ్చాడు, భారతం హరిహరనాథుడికిచ్చాడు. కొలువు పద్దు వేరు, సొంత పద్దు వేరు. అలా రెండు ఖాతాలు పెట్టుకున్నవాడికి రాజు మీద అక్కసు ఎందుకు మిగులుతుంది? అందుకే తిక్కన జోలికి పోకండి. ధూర్జటి ఇంకా ప్రమాదం. రాయల ఆస్థానంలో ఉన్నాడని చెప్పుకునే ఆ కవి రాజుల మీద ఉన్న ఏవగింపంతా కాళహస్తీశ్వరుడికి మొరపెట్టుకుంటూ సొంత శతకంలో రాసుకున్నాడు. ఇన్ని వందల ఏళ్ల తర్వాతా ఆ శతకం చదువుతున్నాం. మీరేమో అదే ఏవగింపుని 'ధ' కింద గీత మీద ఖర్చుపెట్టారు.

ఉపన్యాసాలు రాసిచ్చేవాళ్లకి ఒక్క మాట. మైకు ముందు ఆయన చదివిన మీ వాక్యానికి చప్పట్లు పడితే "అది నాది" అని టీకొట్టు దగ్గర చెప్పుకుని తృప్తిపడండి. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం బహిరంగంగా చేసిన ప్రసంగం మీద మొదటి హక్కు ప్రసంగించినవాడిది, లేదా ఎవరి తరఫున ప్రసంగించాడో వాళ్లది. కాబట్టి డబ్బుతో పాటు పేరు కూడా కావాలనుకుంటే ముందే కాగితం మీద రాయించుకోవాలి. కాగితం అనగానే మళ్లీ కొటేషన్ దగ్గరికొచ్చాం, వదిలేద్దాం.

మరీ భరించలేని పని వస్తే దగ్గర పనిచేసే కుర్రాడికి అప్పగించండి. వాడికి ఇష్టాయిష్టాలు ఉండవు, జీతం ఉంటుంది. వాడు మిమ్మల్నే గిట్టని క్లయింటుగా లెక్కవేసుకుని ఈ సలహాలన్నీ మీ మీదే పాటించడం మొదలుపెడతాడు. విద్య అలాగే తరతరాలకీ అందుతుంది.

ఈ పేజీ క్లయింట్ల కంట కూడా పడుతుంది గనక వాళ్లకి ఒక మనవి. మీరు మంచివాళ్లో కాదో మాకు అనవసరం, ఫొటో మాత్రం వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, సైజు కుదించుకుపోతుంది. డాక్యుమెంటుగా పంపండి. ఇరవై అడుగుల గుడ్డ మీద మీ మొహం గళ్లుగళ్లుగా పడితే అది మా పగ కాదు.