ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన చైనా దొరసాని

18వ శతాబ్దపు ఐరోపా దొరల ఇంట భోజనాల బల్ల మీద చైనా పింగాణీ లేకపోతే నలుగురిలో తలవంపులు. అయితే ఆ పింగాణీ అచ్చంగా చైనావాళ్లు తమ ఇళ్లకు చేసుకున్నట్టే ఉంటే దొరలకు నచ్చదు. తమ ఊహలో ఉన్న చైనాలా ఉండాలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటాం మనం. వీళ్లు ఆ కూర తమ ఇంట్లోనే వండి, పొరుగింటికి పంపి, అక్కణ్నుంచి తెప్పించుకుని లొట్టలేశారు.

1734లో డచ్ ఈస్టిండియా కంపెనీ కొర్నేలిస్ ప్రోంక్ అనే ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుణ్ని కుదుర్చుకుంది. చైనావాళ్లు పింగాణీ మీద ఏ బొమ్మ వేయాలో ఆయన గీసిస్తాడు! ఆయన గీసిందేమిటంటే, నీటి ఒడ్డున ఓ చైనా దొరసాని, వెనక గొడుగు పట్టిన దాసి, ఎదుట నీటిపక్షులు. ఆ కాగితం కంపెనీ ఆసియా కేంద్రమైన బటావియా మీదుగా చైనాకూ జపాన్‌కూ వెళ్లింది. చైనా పనివాడు పాపం ఆవిణ్ని కాస్తయినా చైనా మనిషిలా సరిదిద్దాడు. జపాన్‌వాడి చేతిలో పడి ఆవిడే జపాన్ ఆవిడైపోయింది. ఇంతా చేస్తే ఖర్చు తడిసి మోపెడై, కొన్నేళ్లకే కంపెనీ ఆ సరదా మానుకుంది.

వంశచిహ్నాలు వేయించుకునేవారిది ఇంకో ముచ్చట. నమూనా మీద ఫలానా చోట ఫలానా రంగు అని రాసి పంపితే, ఇంగ్లీషు రాని పనివాడు ఆ అక్షరాలను కూడా పొల్లుపోకుండా పళ్లెం మీదికి ఎక్కించిన సందర్భాలున్నాయి. అది చెప్పి, చైనావాడికి సొంత బుర్ర లేదు, కాపీ కొట్టడమొక్కటే వచ్చు అని నవ్వుతారు. ఉన్నదున్నట్టు దింపమని డబ్బిచ్చిందెవరు? కాపీ మాటకొస్తే, దాంత్రకోల్ అనే ఫ్రెంచి పాదిరీగారు ఆత్మలను ఉద్ధరించడానికి చైనా పింగాణీ పుట్టిల్లు చింగ్‌దెజెన్ వెళ్లి, ఏ మట్టి, ఏ పూత, కొలిమి ఎలా కాలుస్తారు అన్నీ ఆరా తీసి 1712లో ఇంటికి ఉత్తరం రాశారు. అది మాత్రం విజ్ఞానమట.

అన్నిటికంటే ఘనమైనది నీలిరంగు విల్లో పళ్లెం. విల్లో చెట్టు, వంతెన మీద ముగ్గురు మనుషులు, పైన రెండు పక్షులు. 18వ శతాబ్దం చివర ఇంగ్లండు కుమ్మరులు చైనా బొమ్మల్లోంచి తలా ఒక ముక్క ఏరుకుని అతికించిన దృశ్యం అది. పైగా కుంచె పని కూడా కాదు, రాగి పలక మీద చెక్కి అచ్చేసింది. బొమ్మ వచ్చాక కథ కావాలిగా! 1849లో ఒక ఇంగ్లీషు పత్రిక ఆ లోటూ తీర్చింది. మాండరిన్ అనే చైనా ఉన్నతాధికారి కూతురు గుమాస్తాను ప్రేమించిందట, పారిపోయారట, చచ్చి పావురాలయ్యారట. చైనాలో ఎవరూ వినని ఈ చైనా పురాణం ఇంగ్లండులో ఇంటింటి కథ అయింది. ఆ డిజైన్‌నే చైనా రేవు కాంటన్‌కు పంపి, చేత్తో వేయించి, ఓడల్లో తెప్పించుకున్నారు కూడా.

ఇవాళ్టికీ ఆ పళ్లెం అమ్మేవాడు ముందు కథ చెప్పి, తర్వాతే ధర చెబుతాడు.